అరవై నిమిషాల క్యాసెట్టు

చిత్తూరు హైరోడ్డులో, కుట్టుమిషన్ల అంగడి మిద్దె పైన
ఇలియాస్ రికార్డింగ్ సెంటరు.
బెంగుళూరు నుంచి అరువు తెచ్చిన ఎల్పీని
అంచులు మాత్రం పట్టుకోని చూపించినాడు.
"ఇరవై రూపాయలు. బేరం లేదబ్బా."

ఆ ఇంగ్లండు జట్టు మాకు కొత్త కాదు.
మూడు ఆల్బాలు అరిగిపోయిందాకా విన్నాం
నేనూ, ఇలియాసూ,
గంగాధర నెల్లూరు నుంచి సైకిల్లో వచ్చే కుప్పుస్వామీ.
రెండు గిటార్లూ పందెం కోళ్ళ మాదిరి తలపడాల,
డ్రమ్ములు గ్రానైటు క్వారీలో మందు పేలినట్టు పేలాల,
నాలుగు నిమిషాల్లో అంతా అయిపోవాల.

ఈ నాలుగోది అట్లా లేదు.
ముందు గాలి. ఆ తర్వాత ఏదో కీబోర్డు,
మంచులో యాడో పాలవ్యాను హారన్ కొట్టినట్టు.
గిటారు వచ్చింది గాని దూకలేదు,
మెట్లు లెక్కపెట్టుకుంటా ఎక్కింది.
రెండు నిమిషాలకే కుప్పుస్వామి లేచినాడు.
"ఇదేందిరా, భజనా? స్పీడు యాడ పోయింది?"
కిందనుంచి సైకిలు బెల్లు వినపడింది.
ఇలియాసు టేపు తిప్పిపెట్టి, సౌండు తగ్గించి, నమాజుకు పోయినాడు.
ఎల్పీ సాయంత్రం బస్సుకే బెంగుళూరు పోయింది.

రాత్రి ఇంట్లో సన్నగా పెట్టుకున్నా.
పాదంతో తాళం వేస్తా ఉంటే
యాడో ఒక అడుగు తక్కువ పడతా ఉండాది.
వెనక్కి తిప్పినా. మళ్ళీ తక్కువే.
చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకోని కాలు దించితే
నేల ముందే తగిలినట్టు.

పక్క పోర్షన్లో డోలు వాయించే చెంగల్రాయులు మామ,
పెండ్లి నుంచి అప్పుడే వచ్చి
వేళ్ళ తొడుగులు ఊడబెరుకుతా ఉన్నాడేమో,
గోడ అవతల నుంచే అన్నాడు:
"ఏడురా అది. ఎనిమిదిలో ఎదుకుతా ఉండావు."
తకిట తకధిమి, తకిట తకధిమి,
గోడ మీదనే వేసి చూపించినాడు.
నా కాలు సరిగ్గా నేల మీద పడింది.
"ఇప్పుడు అయిదుకు మారతాడు చూడు."
మారినాడు.
"మళ్ళా ఏడుకొస్తాడు. రాక యాడికి పోతాడు."
వచ్చినాడు.
వాళ్ళెవరు, ఏ దేశం అని మామ అడగలేదు.
"అంత అరుపులెందుకురా" అని మాత్రం అడిగినాడు.

పాట పదమూడు నిమిషాలంట.
తొమ్మిదో నిమిషంలో అన్నీ ఆగిపోయి
బేసు గిటారు ఒక్కటే,
గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు ఆర్పినాక
గొట్టాలు చల్లబడతా చేసే చప్పుడు మాదిరి
టుంగు... టుంగు... మంటా ఉంటే
గాయకుడు ఊపిరి తీసుకుంటాడు.
టక్.
ఏ సైడు అయిపోయింది.
బీ సైడులో వేరే పాట.

పదకొండేండ్లు ఆ ఊపిరి దగ్గరే ఉండినా.
తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా నిలబడిన జూన్ రాత్రుల్లో
కాటా దగ్గర చీట్లు రాస్తా ఒక ముగింపు కట్టుకున్నా.
నాయనకు ఆపరేషనయిన వారం, వేలూరు బస్సులో, ఇంకొకటి.
ఒకదాంట్లో గిటార్లు తిరగబడినాయి.
ఒకదాంట్లో కీబోర్డు మాత్రమే మిగిలి
ఎవరో తలుపు దగ్గరికేసినట్టు ఆగింది.
ఏది కట్టినా ఏడులోనే కట్టినా.
మామ పొయినాక కూడా.

మొన్న ఇలియాసు అంగట్లో, ఇప్పుడది రీచార్జీలూ ఫోను గ్లాసులూ,
కుప్పుస్వామి తన ఫోను బల్ల మీద పెట్టినాడు.
జుట్టు లేదు, బొజ్జ ఉండాది.
"ఆ పొద్దు లేచిపోయినా గదా. మిగిలింది విందాం."
గాలి. కీబోర్డు. మెట్లు.
ఈసారి చెప్పులేసుకోలేదు.
బేసు. ఊపిరి.
టక్ మనలేదు.

ఆ తర్వాత, నాలుగు నిమిషాలూ
నాలుగు కాళ్ళ మీద, తలుపులు బద్దలు కొట్టుకోని,
కుప్పుస్వామికి ఆ పొద్దు కావాల్సిన స్పీడే,
క్వారీ పేలినట్టు.
వాడు నోరు తెరుచుకోని నన్ను చూసినాడు.
ఇలియాసు బల్ల మీద గుద్దతా ఉన్నాడు.

బల్ల కింద నా కాలు మాత్రం
ఏడులో పోతా ఉండాది,
ఒక్కడుగు ముందే నేల తగులుతా.